అచ్చుకూటముల కావలి

మన యిండ్లలోనికి వచ్చు కాగితములను ఒక్కమారు జ్ఞప్తికి దెచ్చుకొందము. భూమి పాసుపుస్తకము, బ్యాంకువారి లెక్కల లేఖ, పిల్లవాని పరీక్షా ప్రశ్నపత్రము, ఎన్నికలనాటి ఓటుకాగితము, జేబులోని నూరు రూపాయల నోటు, తెల్లవారగనే అరుగుమీద పడు వార్తాపత్రిక. ఇవి వేర్వేరు కార్యాలయముల పేర వచ్చుచున్నను, అన్నియు ఏదో యొక అచ్చుకూటమున పుట్టినవే. కంసాలి కొట్టులో ఊరివారి బంగారమున్నట్లు, అచ్చుకూటమున ఊరివారి గుట్టులుండును. అవి యతనివి కావు. కొంతకాలము తనవద్ద నుంచుకొని, కాగితముపై నెక్కించి, మరల నప్పగించుటయే యతని వృత్తి.

ఈ కాలమున అచ్చుకూటమునకు కన్నము వేయువాడు గోడ దూకనక్కరలేదు. వేయి క్రోసుల దూరమున కూర్చుండి, తంతి మార్గమున, కంప్యూటరులోనికి చొరబడుచున్నాడు. అట్టి దొంగతనమునుండి కాచుకొనుటకు సైబరు భద్రత యని పేరు. అచ్చు వ్యాపారమునందున్న సంస్థలలో దేనికి అపాయమెక్కువ, దేనికి తక్కువ యను విచారణ నేడు బ్యాంకులవారును బీమావారును చేయుచున్నారు. యంత్రములు కొత్తవైనను ఈ ప్రశ్న పాతదే. గడచిన నూరేండ్లలో కొన్ని అచ్చుకూటములకు కలిగిన ఆపదలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, సంస్థ యొక్క పరిమాణముగాని, గోడల యెత్తుగాని అపాయమునకు కొలత కాదని తోచును. ఆ సంస్థ ఎవరి మాట విని తలుపు తీయును? పని ముగిసిన పిమ్మట తనవద్ద ఏమి మిగుల్చుకొనును? కావలివాడు కేక వేసినపుడు లేచువారున్నారా? ఈ మూటిని విచారింపవలెను.

ముందుగా పాత కూటమును గూర్చి కొంచెము చెప్పవలెను. సీసపు అక్షరములతో అచ్చువేయు ప్రెస్సును చూచినవారు మీలో ననేకులుందురు. గోడవెంట ఏటవాలుగా నిలిపిన గళ్ళపెట్టెలు, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరము. గుణింతములును వత్తులును హెచ్చుగా నుండుటచే తెలుగునకు ఇంగ్లీషున కంటె చాల గళ్ళు కావలెను. కంపోజిటరు ఒక్కొక్క అక్షరమునే యేరి పేర్చి పుట కూర్చును. ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, అచ్చు ముగిసిన వెంటనే ఆ పుటను విప్పి అక్షరములను మరల ఎచ్చటివచ్చటనే గళ్ళలో వేయుదురు. సీసము వెలగలది. చిన్న ప్రెస్సులో రెండు మూడు ఫారములకు సరిపడు అక్షరములే యుండెడివి. తరువాతి పుట కూర్చవలెనన్న ముందటి పుట విప్పక తప్పదు. ఇందువలన కలిగిన యొక మేలును ఆనాడు ఎవరును గుర్తించియుండరు. రహస్యమును చెరపవలెనని ఎవరును ప్రత్యేకముగా పూనుకొనకయే, పేదరికము దానిని చెరపివేయుచుండెను. నిన్నటి దస్తావేజు అక్షరములు నేటి పెండ్లి శుభలేఖలో చేరిపోయెడివి.

నోట్లును స్టాంపులును ముద్రించు కూటములలో మాత్రము కావలి వేరుగా నుండెను. అచ్చట కాగితమును లెక్కించి యిత్తురు, లెక్కించి పుచ్చుకొందురు. సిరా యలుకుకొని చెడిన కాగితమునకు సైతము లెక్క చెప్పవలసినదే. మన దేశపు కరెన్సీ నోట్లు పూర్వము ఇంగ్లండులో ముద్రితమై ఓడలపై వచ్చుచుండెను. 1925వ సంవత్సరమున నాసిక్ పట్టణమున సెక్యూరిటీ ప్రెస్సు వెలసినది. 1928 నుండి నోట్ల ముద్రణము అచ్చటనే ఆరంభమైనది. ఇన్ని లెక్కలు, ఇన్ని తాళములు గల కూటమును ఎవడును దోచజాలడని లోకము నమ్మియుండెను. నాసిక్ ప్రెస్సు వెలసిన ఆ 1925లోనే లండను నగరమున ఆ నమ్మకమునకు గండి పడినది.

వాటర్లో అండ్ సన్స్ అనునది లండనులో మిక్కిలి పేరుగన్న ముద్రణసంస్థ. పెక్కు దేశములకు నోట్లును తపాలా బిళ్ళలును అచ్చువేసి యిచ్చుచుండెను. పోర్చుగల్ దేశపు బ్యాంకునకు వాస్కో డ గామా బొమ్మ గల 500 ఎస్కుడోల నోటును ముద్రించి యిచ్చినది వీరే. ఆ కాలమున ఆల్వెస్ రీస్ అను పోర్చుగీసు వాడొకడు అప్పులపాలై, చెక్కు మోసములో చిక్కి, కొంతకాలము చెరసాలలో నుండెను. దొంగనోట్లు వేయుట కష్టము. మంచి నోట్లు వేయువాని చేతనే వేయించుకొన్న నేమి? ఇట్టి యాలోచన వానికి పుట్టినది. పోర్చుగల్ బ్యాంకువారు అంగోలా వలసరాజ్యమునకు సహాయముగా రహస్యముగా నోట్లు వేయింపదలచినట్లు ఒక ఒడంబడికను 1924లో తానే కల్పించెను. దానిపై పెద్దల సంతకములను ఫోర్జరీ చేసెను. నోటరీ ముద్రలను, రాయబారుల ధ్రువీకరణములను సంపాదించి దానికి చేర్చెను. ఆ ముద్రలు మాత్రము నిజమైనవే!

రీస్ లండనునకు తాను పోలేదు. మరాంగ్ అను డచ్చి వర్తకుని పంపెను. మరాంగ్ సంస్థాధిపతియగు సర్ విలియం వాటర్లోను కలిసికొని, ఇది మిక్కిలి గుప్తమైన రాజకీయ వ్యవహారము, బ్యాంకులో సైతము ఒకరిద్దరికి దప్ప తెలియదు, కావున ఉత్తర ప్రత్యుత్తరములు మాద్వారా మాత్రమే జరుగవలెను అని చెప్పెను. విలియం వాటర్లో అనుభవము లేనివాడు కాడు. తరువాతి కాలమున, 1929లో, లండను నగరపు లార్డు మేయరు పదవి నలంకరించినవాడు. అట్టివాడును ఆ మాట నమ్మెను. ఒకే సంఖ్య గల నోట్లు రెండు వచ్చునే యని సందేహము కలిగినపుడు, అంగోలా చేరిన పిమ్మట వానిపై ఆ దేశపు పేరు వేరుగా ముద్రింతుమని సమాధానము వచ్చినది. దానితో సందేహము తీరినది.

1925 ఆరంభమున నోట్ల కట్టలు పెట్టెలలో లండను విడిచినవి. దౌత్యాధికారి పత్రముల సాయమున సరిహద్దులు దాటినవి. మొదట రెండు లక్షల నోట్లు, తరువాత మరికొన్ని. పలకలు అసలైనవి, సిరా యసలైనది, కాగితము అసలైనది. ఏ పరీక్షకుడు పట్టగలడు? రీస్ లిస్బను నగరమున అంగోలా–మెట్రొపోల్ అను బ్యాంకునే స్థాపించెను. అంతతో నాగక, పోర్చుగల్ బ్యాంకు వాటాలను కొనసాగెను. ఆ బ్యాంకే తన చేతికి వచ్చినచో తన నేరమును విచారించువా రుండరని వాని యెత్తు! తన బ్యాంకు నోట్లతో ఆ బ్యాంకునే కొనబోయిన దొంగ చరిత్రలో మరియొకడు కానరాడు.

ఓ సెక్యులో అను లిస్బను వార్తాపత్రిక ఈ కొత్త బ్యాంకునకు ధనమెచ్చటిదని విచారింప మొదలుపెట్టెను. 1925 డిసెంబరులో అధికారులు పోర్టో నగరపు శాఖను సోదా చేసిరి. నోట్లన్నియు మంచివిగానే కనబడినవి. తుదకు సంఖ్యల వరుసను పేర్చి చూడగా ఒకే సంఖ్య గల నోట్లు జంటలుగా బయటపడినవి. రీస్ అంగోలానుండి ఓడలో తిరిగి వచ్చుచుండగా పట్టువడెను. 1930లో వానికి ఇరువదియేండ్ల శిక్ష పడినది. పోర్చుగల్ బ్యాంకువారు ఆ రకపు నోట్లన్నిటిని ఉపసంహరించి, ప్రజలు తెచ్చినవానికి మారునోట్లు ఇచ్చి, నష్టమునకై వాటర్లో సంస్థపై లండనులో దావా తెచ్చిరి. ఆ వ్యాజ్యము రెండు న్యాయస్థానములు తిరిగి, 1932లో ప్రభువుల సభకు వచ్చెను. అచ్చట అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు బ్యాంకుపక్షమును, ఇద్దరు వ్యతిరేకముగను తీర్పు చెప్పిరి. వాటర్లోవారు 6,10,392 పౌనులు చెల్లింపవలసి వచ్చినది. భిన్నాభిప్రాయము గల న్యాయమూర్తుల వాదము వినదగినది. బ్యాంకు పోగొట్టుకొన్నది కాగితము, సిరా మాత్రమే కదా, మరల అచ్చువేయించుటకగు ఖర్చు ఇచ్చిన చాలదా యనిరి. నోటనగా కాగితము కాదనియు, దాని వెనుకనున్న బ్యాంకు మాటయే నోటనియు తక్కిన మువ్వురి నిర్ణయము. సర్ విలియం ఈ తీర్పు వినలేదు. 1931లోనే మరణించెను.

ఈ కథను ఇంత విస్తరించి చెప్పుటకు కారణమున్నది. వాటర్లో కూటమున ఒక్క తాళమైనను పగులలేదు. ఒక్క కాగితమైనను లెక్క తప్పలేదు. లోపలివాడెవడును అమ్ముడుపోలేదు. యజమానియే మర్యాదగా తలుపు తీసి, కావలసినది ముద్రించి, కట్టలు కట్టించి పంపెను. లిస్బను బ్యాంకునకు వేరు మార్గమున ఒక్క విచారణ, వెళ్ళవలసినవానికి వెళ్ళి, బదులు వచ్చియుండినచో కథ అచ్చటనే ముగిసియుండును. నేడు కంప్యూటరు దొంగలు మొట్టమొదట వాడు ఆయుధము సరిగా నిదియే. యజమాని పేరనో, ఖాతాదారు పేరనో, బ్యాంకు పేరనో ఒక లేఖ వచ్చును. ఉద్యోగి నమ్మి దానిని తెరచును. తెరచిన లేఖ వెంట దొంగ లోనికి వచ్చును. మరాంగ్ చేతిలోని తోలుసంచికిని ఈ లేఖకును భేదము మిక్కిలి స్వల్పము.

ఇక నేటి కాలమునకు వత్తము. సీసపు అక్షరములు పోయినవి. పుట యిపుడు కంప్యూటరులో ఫైలుగా పుట్టి, తంతి వెంట నడచి, అచ్చుపలకపై కెక్కుచున్నది. వార్తాపత్రికను ఒక నగరమున కూర్చి, వేరొక నగరమున ముద్రించుట సర్వసాధారణమైనది. దీనిని ఆశ్రయించి కొత్త దోపిడి యొకటి తలయెత్తెను. దానిని రాన్సమ్‌వేర్ అందురు. దొంగ లోనికి వచ్చి ఏమియు మోసికొనిపోక, మన బీరువాలన్నిటికి తన తాళము వేసి, తాళపుచెవికి వెల చెప్పును. ఈ మధ్య కాలమున తాళము వేయుటకు ముందే నకళ్ళు తీసికొని, వెల యియ్యనిచో బజారున పెట్టుదునని కూడ బెదరించుచున్నాడు.

2018 డిసెంబరు 27, గురువారపు రాత్రి. అమెరికాలో ట్రిబ్యూన్ పబ్లిషింగ్ అను పత్రికా సంస్థ కంప్యూటర్లలో ఇట్టి తెగులు ప్రవేశించెను. శుక్రవారమునకు పుటలను అచ్చుపలకలకు పంపు భాగములకు వ్యాపించెను. లాస్ ఏంజెల్స్ నగరములోని పెద్ద అచ్చుకూటమున పని స్తంభించినది. శనివారపు లాస్ ఏంజెల్స్ టైమ్స్ పత్రిక ఆలస్యముగా చేరినది. శాన్ డియాగో నగరపు పత్రిక చందాదారులలో అనేకులకు ఆ ఉదయమున చేరనే లేదు. అదే కూటమున అచ్చగుచుండిన న్యూయార్కు టైమ్స్, వాల్‌స్ట్రీటు జర్నలు పత్రికల పశ్చిమతీరపు ప్రతులును ఆలస్యమైనవి. దూరాన నున్న చికాగో ట్రిబ్యూను చావుకబుర్ల ప్రకటనలు లేకయే వెలువడినది.

ఇందొక విశేషము గలదు. లాస్ ఏంజెల్స్, శాన్ డియాగో పత్రికలు అప్పటికి ట్రిబ్యూన్ సంస్థవి కావు. ఆ సంవత్సరము జూను నెలలోనే వేరొక యజమానికి విక్రయింపబడినవి. ఆస్తి పంచుకొన్నారు, బావి మాత్రము ఉమ్మడిగా నుండిపోయినది. కంప్యూటరు ఏర్పాటులు కొన్ని ఇంకను పాత యజమానితో కలిసియే యుండెను. మన యూళ్ళలో అన్నదమ్ములు భాగములు పంచుకొని, నడుమ గోడ కట్టక తాత్సారము చేసినచో ఏమగునో మీ కెవరును చెప్పనక్కరలేదు. ఒక సంస్థ అపాయమును లెక్కవేయువారు దాని స్వంత తలుపులతోబాటు, దాని ఇంటినుండి ప్రక్కయింటికి గల దారులనుగూడ లెక్కింపవలసియున్నది.

వార్తాపత్రికకు మరియొక దౌర్బల్యము సహజముగా గలదు. దాని సరకు తెల్లవారుసరికి చేరవలెను. పది గంటలు గడచిన వార్తను ఎవరును కొనరు. కావున దొంగకు దాని రహస్యములతో పనిలేదు, దాని గడియారముతోనే పని. 2020 డిసెంబరులో జర్మనీలోని ఫుంకె పత్రికా సంస్థకును, 2021 డిసెంబరు 28న నార్వేలోని అమెడియా సంస్థకును ఇట్టి ఆపదలే కలిగినవి. జర్మనీవారు కొన్ని దినములు పలుచని అత్యవసర ప్రతులతో సరిపెట్టుకొనిరి. నార్వేలో అచ్చుయంత్రములే నిలిచినవి. పై మూడును క్రిస్మసునకును నూతన సంవత్సరమునకును ఇటునటు జరిగినవని గమనింపుడు. ఊరంతయు తిరునాళ్ళకు పోయిన రాత్రి చూచి కన్నము వేయుట పాత దొంగలకును తెలిసిన విద్యయే. 2023 మే నెలలో ఫిలడెల్ఫియా ఇంక్వైరరు పత్రిక ఇట్టి దాడివలననే ఆదివారపు సంచికను యథాప్రకారము ముద్రింపలేకపోయెను. 1996 జనవరి నాటి మంచుతుపాను తరువాత ఆ పత్రిక ముద్రణకు అంతటి విఘ్నము కలుగలేదట. పూర్వము మంచు చేయు పనిని ఇప్పుడు మనుష్యుడు చేయుచున్నాడు.

అయినను పత్రికకు కలుగు నష్టము ఒకటి రెండు దినములది. మరునాడు మరల అచ్చగును. ఇతరుల గుట్టులు దాచు అచ్చుకూటములకు కలుగు నష్టము అట్టిది కాదు. ఒకమారు బయటపడిన గుట్టు మరల లోనికి రాదు. అందుచేత నా దృష్టిలో ఈ రెండవ తరగతి సంస్థలకే అపాయమెక్కువ. అందులో అగ్రగణ్యముగా చెప్పదగిన కథ డానెల్లీ సంస్థది.

ఆర్. ఆర్. డానెల్లీ అండ్ సన్స్ 1864లో చికాగోలో పుట్టిన అచ్చుకూటము. అది పెరిగి పెరిగి, 22,000 మంది ఖాతాదారులకు పుస్తకములు, లెక్కపత్రములు, వ్యాపార లేఖలు ముద్రించు మహాసంస్థ యైనది. అమెరికాలో వాటాల వ్యాపారమును పర్యవేక్షించు ప్రభుత్వ సంఘము 2024 జూనులో వెలువరించిన ఉత్తరువులో జరిగినది వివరముగా నున్నది. 2021 నవంబరు 29న సంస్థ కంప్యూటర్లలో దొంగ అడుగుపెట్టిన జాడలు కనబడినవి. జాడలు కనిపెట్టు యంత్రము హెచ్చరికలు పంపినది. ఆ హెచ్చరికలను మొదట చూచుటకు డానెల్లీవారు వేరొక సంస్థను జీతమునకు కుదుర్చుకొనియుండిరి. ఆ సంస్థ వానిలో మూటిని ముఖ్యమైనవిగా నెంచి డానెల్లీకి తెలియజేసెను. పెక్కు కంప్యూటర్లపై ఒకే విధమైన జాడలున్నవనియు, ఇవి పలువురికి పంపిన మోసపు లేఖలతో సంబంధించినట్లున్నవనియు తెలిపెను. ఇవి కాక, అదే పనికి సంబంధించిన హెచ్చరికలు ఇరువదికి తక్కువ కాకుండ ఆ కావలి సంస్థ చేతిలోనే ఆగిపోయినవి.

అనగా తలారి కేక వేసెను. వినవలసినవారు పడుకొనలేదు గాని, వేరు పనులలో మునిగియుండిరి. ఆ హెచ్చరికలు చూచు ఉద్యోగులకు ఇతర బాధ్యతలు అధికముగా నుండి, దీనికి తీరిక చాలకుండెనని ప్రభుత్వ సంఘము వ్రాసినది. ఇరువదినాలుగు దినములు గడచినవి. డిసెంబరు 23న, డానెల్లీ కంప్యూటర్లతో సంబంధముగల వేరొక సంస్థవారు, మీ యింటినుండి ఏదో వింత రాకపోకలు జరుగుచున్నవి సుమా యని తెలిపిరి. అపుడు లేచి తలుపులు మూసిరి. ప్రక్కయింటివాడు వచ్చి తట్టి లేపవలసి వచ్చినది! అప్పటికి దొంగ 70 గిగాబైట్ల సమాచారమును తరలించుకొనిపోయెను. అక్షరములుగా లెక్కించినచో అది వేలకొలది గ్రంథములకు సమానము. అందు 29 మంది ఖాతాదారుల సమాచారము గలదు. సంస్థవారు 21,25,000 డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొని వ్యవహారము పరిష్కరించుకొనిరి.

న్యాయముగా రెండవ పక్షమునుగూడ చెప్పవలెను. పరిశోధకులకు సహకరించినందునను, తామై ముందుగా తెలిపినందునను సంస్థకు మంచి పేరే వచ్చినది. సంస్థ యొక్క జమాఖర్చు లెక్కలలోనికి దొంగ చొరబడిన ఆధారము లేదు. ప్రభుత్వ సంఘములోని అయిదుగురు సభ్యులలో ఇద్దరు ఈ ఉత్తరువుతో ఏకీభవింపలేదు. లెక్కల భద్రతకై చేసిన చట్టమును కంప్యూటరు కావలికి పట్టించుట తగదని వారి మతము. ఆ వాదము న్యాయవాదులకు వదలుదము. మనకు ముఖ్యమైనది వేరు. 22,000 మంది ఖాతాదారులు గల సంస్థకు యంత్రములున్నవి, జీతమిచ్చి పెట్టుకొన్న కావలి యున్నది, ధనమున్నది. లోపించినది, కేక విని లేచు మనుష్యుడు. పెద్ద సంస్థయనిన భద్రమైన సంస్థ యను భ్రమ దీనితో తొలగవలెను.

జపానులో జరిగినది దీనికంటె చిన్న కథయే గాని, పాత సీసపు అక్షరములను నాకు జ్ఞప్తికి దెచ్చినది. ఇసెటో యనునది క్యోటో నగరపు సంస్థ. పురపాలక సంఘముల పన్ను నోటీసులు, బ్యాంకుల లేఖలు ముద్రించి తపాలాలో వేయుట దాని పని. 2024 మే నెలలో దొంగలు దూరమునుండి లోనికి వచ్చు మార్గమున చొరబడి తాళములు వేసి, తరువాత దొంగిలించిన సమాచారమును బయటపెట్టిరి. పదునైదు లక్షలకు దాపుగా మనుష్యుల వివరములు అందుండెను. అందు కొన్ని, పని ముగిసిన వెంటనే చెరపివేయవలసినవి! నోటీసులు ముద్రించి పంపిన పిమ్మట పేర్లు, చిరునామాలు, పన్ను మొత్తములు సంస్థలో నుండగూడదని ఒడంబడిక. కాని అవి మిగిలియుండెను. సీసమైనచో మరునాటి పనికై విప్పక తప్పకుండెను. కంప్యూటరులో చోటు చౌక. విప్పవలసిన అవసరము లేదు. కావున ఎవరును విప్పలేదు.

మరుసటి సంవత్సరము, 2025 ఏప్రిలులో, సింగపూరున టొప్పాన్ నెక్స్ట్ టెక్ అను ముద్రణ సంస్థపై దాడి జరిగెను. అచ్చటి డి.బి.ఎస్. బ్యాంకు ఖాతాదారులలో సుమారు 8,200 మందికిని, బ్యాంక్ ఆఫ్ చైనా సింగపూరు శాఖ ఖాతాదారులలో సుమారు 3,000 మందికిని సంబంధించిన లేఖలు దొంగల చేతబడియుండునని తెలిసినది. ఆ బ్యాంకుల స్వంత కంప్యూటర్లకు ఏమియు కాలేదు. బ్యాంకు కోట చెక్కుచెదరలేదు, కోటలోని కాగితము అచ్చుకు పోయినచోట చిక్కినది. మన సొమ్ము దాచుకొను బ్యాంకు ఎంత గట్టిదని విచారించువారు, దాని లేఖలు ఎచ్చట అచ్చగునని విచారించుట అరుదు.

ఇంత పెద్ద సంస్థల మాట చెప్పి, మన మండలపు పట్టణములోని చిన్న ముద్రణ దుకాణమును మరచిన న్యాయము కాదు. సంతకు పోయినపుడు ఆధారు కార్డు, పాసుపుస్తకము, పెన్షను కాగితము నకలు తీయించుటకు ఫోనునుండి ఆ దుకాణపు కంప్యూటరునకు పంపుచున్నాము. రెండు రూపాయలిచ్చి కాగితము పుచ్చుకొని వచ్చుచున్నాము. కాగితము మన చేతికి వచ్చినది. ఫైలు అచ్చటనే యున్నది. దుకాణదారుడు దురాత్ముడు కాడు. సాయంకాలమునకు నూరుగురి ఫైళ్ళు చేరుచుండగా చెరపుటకు తీరిక యుండదు, అంతే. ఇసెటోలో జరిగినదియు ఈ జాతి నిర్లక్ష్యమే. ఆ దుకాణమునకు కన్నము వేయుట వలన దొంగకు దొరకునది కొంచెము. అయితే అచ్చట కావలియు శూన్యము. ఆధారు సంఖ్యలో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడు ప్రతిని ఆ శాఖవారే యిచ్చుచున్నారు. పెక్కు పనులకు అది చాలును. ముద్రణ ముగిసిన వెంటనే ఫైలును మన యెదుట తుడిపించుకొని రావచ్చును. అడిగినచో కాదను దుకాణదారుడు అరుదు. అడుగుటకు మొగమోటపడువారే యెక్కువ.

అన్నిటికి మూలము కంప్యూటరే యని తలచువారికి, మన తెలంగాణములోనే జరిగిన యొక సంగతి చెప్పి విరమింతును. 2016 జూలై 9న వైద్యవిద్య ప్రవేశమునకు ఎంసెట్-2 పరీక్ష జరిగెను. పిల్లలు ఏడాదులపాటు చదివి, తల్లిదండ్రులు పొలములమ్మి, అప్పులు చేసి వ్రాయించిన పరీక్ష అది. కొలది దినములకే, ర్యాంకులు వచ్చినవారిలో కొందరి పూర్వపు మార్కులు దీనితో పొసగకుండుట చూచి తల్లిదండ్రులు అనుమానపడిరి. నేర పరిశోధక శాఖవారు విచారింపగా, ప్రశ్నపత్రము ఢిల్లీలోని అచ్చుకూటమునుండి ముందుగనే బయటికి వచ్చినదనియు, దళారులు పిల్లలను దూరపు నగరములకు తీసికొనిపోయి రహస్యముగా ఆ ప్రశ్నలకు జవాబులు వల్లెవేయించిరనియు తేలినది. తంతి మార్గమున చొరబడినవా డెవడును లేడు. అచ్చుకూటములోనికి జీతమునకు వచ్చిన మనుష్యుని చేతిమీదుగనే అది వెలికివచ్చెను. వాటర్లో కూటమున యజమాని మోసపోయెను. ఇచ్చట లోపలివాడే యమ్ముకొనెను. డానెల్లీలో కేక విన్నవాడు లేవలేదు. అచ్చుకూటముల అపాయమును తూచువారు యంత్రముల పట్టికతోబాటు ఈ మనుష్యులను సైతము త్రాసులో నుంచవలసియున్నది.

ప్రభుత్వము ఆ పరీక్షను ఆగస్టు ఆరంభమున రద్దుచేసెను. న్యాయముగా ర్యాంకు తెచ్చుకొన్న పిల్లల తల్లులు ఏడ్చిరి; అమ్ముకొన్నవాని తప్పునకు మా బిడ్డ యేల మరల వ్రాయవలెనని వారి ప్రశ్న. దానికి సమాధానము ఎవరివద్దను లేకుండెను. 2016 సెప్టెంబరు 11న ఎంసెట్-3 అను పేర పరీక్ష జరిగినది. దొంగ ప్రశ్నలు చూడని వేలకొలది పిల్లలును, పుస్తకములు మరల తెరచి చదివి, ఆ ఆదివారమున మరల కూర్చుండి వ్రాసిరి.